పదిహేడు పలకలేదు

నిన్న మధ్యాహ్నం క్యారియర్ మూత తీస్తుండగా రెడ్డెమ్మ ఫోన్ చేసింది.

"ఏమే పదిహేడూ, తెలిసిందా? ఆయన పొయినాడంట."

ఆయనంటే ఎవరని నేను అడగలేదు. నన్ను పదిహేడు అని పిలిచే మనిషి ఈ లోకంలో ఇప్పుడు రెడ్డెమ్మ ఒక్కతే. దాన్ని నేను పద్నాలుగు అంటాను. మా ఇద్దరికీ ఆ అంకెలు తగిలించిన మనిషే ఆ పోయినాయన.

"ఎప్పుడంట?"

"తెల్లారి. గుండెనొప్పంట. చిత్తూరు ఆస్పత్రికి తీసకపొయ్యే దోవలోనే పొయినాడంట. మాపటికి ఎత్తేస్తారు. నేను ఐరాలకు పోతాండా. నువ్వూ వస్తావా?"

"రాను."

"పొయినాయన మీద ఇంకేం కోపమే?"

"కోపం లేదు. రాను, అంతే."

ఫోన్ పెట్టేసి పప్పన్నం మెతుకు మిగల్చకుండా తిన్నాను. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూశాను కూడా.

మనిషి పోయినప్పుడు నాలుగు మంచి మాటలు రాయడం మర్యాద అంటారు. ఆ మర్యాద నాకు లేదనుకోండి. ఆయన పేరు కూడా రాయను. ఆయన దగ్గర దాదాపు రెండేళ్ళు పనిచేస్తే ఒక్కసారి కూడా నా పేరు పలకలేదు. చెల్లుకు చెల్లు.

తిరుపతి నుంచి చిత్తూరు పోయే రోడ్డు మీద ఒక ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీ. అందులో కంప్యూటర్లన్నిటికీ ఆయన పెద్ద. సిస్టమ్స్ సార్ అనేవాళ్ళం. సన్నటి మనిషి. నొసట విభూతి, జేబులో రెండు పెన్నులు, కుడిచేతి చిటికెన వేలికి పొడుగాటి గోరు. ఐరాల నుంచి పొద్దున మొదటి బస్సుకు వచ్చేవాడు. శుక్రవారం పూట తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టెకు కుంకుమ బొట్టు పెట్టి అగరొత్తి వెలిగించేవాడు. ఆ పెట్టె ముందు చెప్పులు విడిచేవాడు. మనుషులతో మాట్లాడేటప్పుడు మాత్రం కాలు మీద కాలు వేసుకుని, మన వైపు తల కూడా తిప్పడు. పలకరిస్తే తెరను చూస్తూ, "ఊ, చెప్పు" అంటాడు. చెప్పింది విన్నాడో లేదో తెలియదు. రెండోసారి చెబితే "ఒకసారి చెప్పినావు గదా" అంటాడు.

ల్యాబుల్లో, ఆఫీసులో, లైబ్రరీలో కలిపి ముప్పై ఒక్క మందిమి, ఒక్కో మిషను ముందు ఒక్కొక్కరం. మిషను నంబరే మా పేరు. "పద్నాలుగా, ఇట్ల రా." "ఇరవై రెండుకు చెప్పు, కేబులు ఊడింది." లైబ్రరీలో పనిచేసే పెద్దాయన ఒకరికి అరవై దగ్గర పడ్డాయి, ఆయన్ని కూడా "ఏమప్పా తొమ్మిదీ" అనేవాడు. ఆ పెద్దాయన నవ్వేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

హాజరు వేసేదీ ఆయనే. అది వేసే తీరు మాత్రం ఆయనకే చెల్లింది.

కాలేజీలోని కంప్యూటర్లన్నీ ఒకే తీగల అల్లికలో ఉంటాయి. ఒక్కోదానికి అంకెల్లో ఒక అడ్రసు ఉంటుంది. నల్లటి తెర మీద ఒక వరుస ఆజ్ఞ కొడితే చాలు, ఒకటో అడ్రసు నుంచి రెండువందల యాభైనాలుగో అడ్రసు దాకా అన్నిటినీ వరసగా "ఉన్నావా?" అని పిలుచుకుంటూ పోతుంది. దాన్నే పింగ్ అంటారు. పలికిన మిషను పేరూ అడ్రసూ తెర మీద పడతాయి. ఎక్కడ తీగ ఊడిందో, ఏ మిషను చెడిందో తెలుసుకోవడానికి అందరూ వాడేదే అది. ఆయన దాంతో మనుషుల్ని లెక్కబెట్టేవాడు.

సరిగ్గా తొమ్మిదికి కుర్చీలో కూర్చుంటాడు. కాగితం పొట్లంలో ఉడకబెట్టిన చెనక్కాయలు పక్కన పెట్టుకుంటాడు. ఆజ్ఞ మొత్తం ఒక్క వేలితో కొట్టి, చివర చిటికెన గోటితో ఎంటర్ నొక్కి, వెనక్కి వాలతాడు. ఒక మిషను పలికితే ఒక కాయ వలిచి నోట్లో వేసుకుంటాడు. పలకకపోతే వలిచిన కాయను కూడా చెత్తబుట్టలోకి విసిరేస్తాడు. రిజిస్టరులో ఆ నంబరు ఎదురుగా ఎర్ర పెన్నుతో గీత. ఆ గీత పడిందంటే మనిషి ఆ రోజు రానట్లు.

"పిలిస్తే పలకాలప్పా. పలకనోడు లేనట్లే." రోజుకు నాలుగుసార్లు అనేవాడు ఈ మాట.

వానలో తడిసి ముద్దయి వచ్చినా, ముందు తల తుడుచుకోకుండా మిషను బొత్తాం నొక్కేవాళ్ళం. ఒకరోజు రెడ్డెమ్మ మిషనుకు కరెంటు అందక, అది ఆయన ఎదురుగా పోయి నిలబడింది. "సార్, నేను వచ్చినాను సార్, ఈడే ఉండా." ఆయన తెర నుంచి కళ్ళు తిప్పలేదు. "నువ్వు వచ్చినావేమో. పద్నాలుగు రాలేదు. నేను రాసేది పద్నాలుగుని." గీత పెట్టేశాడు.

దీనికి రెండో వైపు కూడా ఉండేది. మిషను వెలిగించి పెట్టి, రోడ్డవతల హోటలుకు పోయి దోశ తిని, తీరిగ్గా పదకొండుకు వచ్చినా మాకు హాజరు పడేది. ఆయనకు తెలుసు. అయినా ఏమీ అనేవాడు కాదు. "మిషను పలికింది గదా, వచ్చినట్లే." అందుకే మేమంతా ఒకటి అనుకునేవాళ్ళం. మనిషి మొండివాడు, కానీ పద్ధతి మనిషి. తన లిస్టుకు తాను కట్టుబడతాడు. దానికి తనవాళ్ళూ పరాయివాళ్ళూ ఉండరు.

ఆ పద్ధతి ఎంతటిదో ఇన్‌స్పెక్షన్ రోజు కళ్ళారా చూశాను. కాలేజీ చూడ్డానికి కమిటీ వస్తోంది. ఉండాల్సిన కంప్యూటర్లకు నలభై తక్కువ. యాజమాన్యం ఆయన్ని పిలిచి, ఏదో ఒకటి చేయమంది. ఆయన ఒకే ఒక్క పాత మిషనుకు నలభై అడ్రసులు తగిలించాడు. పిలిస్తే నలభైసార్లూ అదే పలుకుతుంది. కమిటీ పెద్దమనిషి తెర మీద వరసగా పడే అడ్రసులు చూశాడు, తల ఊపాడు. తిరుమలలో దర్శనానికి టైమైపోతోందని ల్యాబుల్లోకి అడుగు కూడా పెట్టకుండా సంతకం చేసి కారెక్కాడు.

ఆ సాయంత్రం ఆయన మంచి ఉషారుగా ఉన్నాడు. నాకు నాలుగు చెనక్కాయలు కూడా ఇచ్చాడు. "సూసినావా పదిహేడూ? పలికేది ఒకటుంటే సాలు. మనుషులతో పనేముండాది?"

నేనూ నవ్వి ఆ కాయలు తిన్నాను. అప్పుడే తెలుసుకుని ఉండాలి, లిస్టు ఆయన చేతి కిందిదే గాని ఆయన లిస్టు చేతి కింద లేడని. తెలుసుకోలేదు.

నేను చేరినప్పుడు రెండేళ్ళు ట్రయలు అన్నారు. అది గడిస్తే పర్మనెంటు. పాకాలలో మా నాయనకు చిన్న సైకిల్ రిపేరు అంగడి. మా ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషిని నేను. నాయన అంగడికి వచ్చినవాళ్ళందరికీ, "మా పాప కాలేజీలో కంప్యూటర్లు సూసుకుంటాది, ఇంకొక నెలకు పర్మనెంటు" అని చెప్పేవాడు. నిజంగానే ఇక ఒక్క నెలే ఉంది.

ఆ నెలలోనే నా నోరు ఊరుకోలేదు. ల్యాబు నిండా స్టూడెంట్లు ఉన్నారు. ఆయన వాకిట్లో నిలబడి "ఏయ్ పదిహేడూ" అని కేకేశాడు. వెనక బెంచీ నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

"సార్, పిల్లోళ్ళ ముందరన్నా పేరు పెట్టి పిలవండి సార్. నా పేరు భారతి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. అంతసేపు నా మొహం చూడడం అదే మొదలు.

"భారతి అనే మిషను నా లిస్టులో లేదే" అన్నాడు.

ల్యాబంతా గొల్లుమంది. ఏం చేయాలో తెలియక నేనూ నవ్వాను. ఆ నవ్వే నన్ను ఇన్నేళ్ళు తిన్నది, ఆయన మాట కాదు.

తర్వాతి సోమవారం ఆయనే పెన్‌డ్రైవ్ పట్టుకుని నా మిషను దగ్గరికి వచ్చాడు. "నీ దాంట్లోకి వైరస్ వస్తాండాది, లెయ్యి" అని నన్ను లేపి, కొత్త యాంటీవైరస్ ఎక్కించిపోయాడు. నా ఒక్క మిషనుకే. థాంక్యూ సార్ అన్నాను కూడా.

మంగళవారం తొమ్మిదికి నా నంబరు ఎదురుగా ఎర్రగీత పడింది.

పరుగెత్తాను. "సార్, నా మిషను పనిచేస్తాండాది సార్. పొద్దున్నుంచి దాంట్లోనే మార్కులు ఎక్కిస్తాండా."

"ఏమో. పలకలేదు."

బుధవారం మళ్ళీ అదే. ఈసారి నన్ను పక్కన నిలబెట్టుకుని నా ముందే నా అడ్రసును పిలిచాడు. నాలుగుసార్లు పిలిచాడు. నాలుగుసార్లూ జవాబు లేదనే తెర మీద పడింది. "నువ్వే సూడు. పిలిస్తాండా. పలికిందా?"

"మిషన్లో ఏమో అయ్యుంటాది, ఒకసారి సూడండి సార్."

"సూస్తాలే, పో."

చూడలేదు. మా కాలేజీలో ఒక రూలు ఉంది. లీవు లెటరు లేకుండా వరసగా మూడు రోజులు రాకపోతే ఉద్యోగం వదిలేసి పోయినట్లు లెక్క. బుధవారం సాయంత్రం రెడ్డెమ్మ తల పట్టుకుంది. "లీవు లెటరు రాసి పారెయ్యే. మూడు రోజులకూ లీవంటే ఆయన చెయ్యి ఆగిపోతాది."

"పనిలో ఉండి ఉండి లీవు లెటరు ఎందుకు రాయాల? నేను యాడికి పొయినాననీ?"

"నీ పంతం తగలెయ్య, రాయవే."

రాయలేదు. గురువారం కూడా పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఆ కుర్చీలోనే కూర్చుని, ఆ మిషన్లోనే పని చేసి, ఆ మిషను పలకక, నేను రాలేదు. శుక్రవారం పనిలోంచి తీసేసిన కాగితం చేతికిచ్చారు. ప్రిన్సిపాల్ గదిలో ఏడ్చాను. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. సిస్టమ్స్ సార్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్రిన్సిపాల్ ఆయన వైపు చూశాడు. "లిస్టు అబద్ధం చెప్పదు గదా సార్" అన్నాడు ఆయన, అంతే. అప్పుడే స్విచ్ పెట్టెకు బొట్టు పెట్టి వచ్చినట్లున్నాడు, వేలికి ఇంకా కుంకుమ అంటుకునే ఉంది.

ఇంటికి పోతే నాయన కాగితం చదివించుకున్నాడు. చాలాసేపు చేతి మసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. తర్వాత మెల్లిగా అడిగాడు.

"ఆ మూడు దినాలూ నువ్వు కాలేజీకే పొయినావు గదా పాపా?"

"పొయినా నాయనా."

"పోతే, రాలేదని ఎట్ల రాస్తారు?"

పింగ్ అంటే ఏమిటో, మిషను పలకడం అంటే ఏమిటో చెప్పాను. తల ఊపాడు. నమ్మలేదు. పొద్దున టిఫిను డబ్బా పట్టుకుని బస్సెక్కిన వయసు పిల్ల మూడు రోజులు ఎక్కడికి పోయిందో అన్న అనుమానం ఆయన కళ్ళలో అలాగే నిలిచిపోయింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడిగితే బాగుండేది. నాలుగేళ్ళకు ఆ అనుమానంతోనే పోయాడు. ఉద్యోగం పోతే ఇంకొకటి వచ్చింది. ఇది మాత్రం తీరలేదు.

తిరుపతిలో ఒక ఆసుపత్రి బిల్లింగు కౌంటర్లో చేరాను. పంతానికి నెట్‌వర్కింగు చదివాను. ఏళ్ళు గడిచేసరికి ఆసుపత్రి కంప్యూటర్లన్నిటికీ నేనే పెద్దనయ్యాను. చదివేటప్పుడే నా పదిహేడు ఎందుకు పలకలేదో తెలిసింది. ఆ రకం యాంటీవైరస్ బయటి నుంచి వచ్చే పిలుపులకు మిషను నోరు మూసేస్తుంది. మిషను చక్కగా పనిచేస్తూనే ఉంటుంది, పింగ్‌కు మాత్రం పలకదు.

ఇంకొకటి కూడా తెలిసింది. పలకని మిషను ఉందో లేదో కనిపెట్టడానికి రెండో ఆజ్ఞ ఒకటి ఉంది. ఒక మిషను ఇంకొకదాన్ని పిలిచే ముందు, "ఈ అడ్రసు ఎవరిది?" అని తీగ మీద అడుగుతుంది. దానికి "నాది" అనక తప్పదు. ఆ సంగతి పిలిచిన మిషనులో రాసి ఉంటుంది. ఏఆర్‌పీ అని చిన్న ఆజ్ఞ కొడితే చాలు, పలకకపోయినా అక్కడ ఉన్న మిషన్లన్నీ బయటపడతాయి. మూడు సెకన్ల పని.

అది తెలిసిన రోజున నాకు కోపం రాలేదు, విచిత్రంగా కొంచెం శాంతించాను. పాపం ఆయనకు ఈ రెండో ఆజ్ఞ తెలియదు, అనుకున్నాను. ఏదో పాతకాలం చదువు. యాంటీవైరస్ మంచికే వేసి ఉంటాడు. తెలిసి ఉంటే అంత పని చేసేవాడు కాదు. ఇలా అనుకుంటూ ఎనిమిదేళ్ళు బతికాను. ఒకరి మీద పగ మోయడం కంటే ఒకరిని తెలివితక్కువవాడు అనుకోవడం సులువు.

పోయినేడు మా విభాగంలో ఒక ఖాళీ పడింది. వచ్చినవాళ్ళకు పరీక్ష పెట్టి, హాజరు కాగితంతో పాటు నా అభిప్రాయం రాసి పై ఆఫీసుకు పంపాలి. మూడో మనిషిగా ఆయన లోపలికి వచ్చాడు.

జుట్టంతా నెరిసింది. విభూతి అలాగే ఉంది. వాకిట్లో చెప్పులు విడిచి వచ్చాడు. తలుపు మీది బోర్డు చదివే ఉంటాడు, మొహంలో ఆశ్చర్యం లేదు. కూర్చోమన్నదాకా కూర్చోలేదు.

"కాలేజీ మూసేసినారు మేడమ్. ఇంట్లో ఆమెకు కిడ్నీలు పొయినాయి, వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి సేయించాల. ఈడ పనిచేసేవాళ్ళ ఇంట్లోవాళ్ళకు ఊరికే సేస్తారంట గదా. అందుకే... ఈ వయసులో..." అని ఆగాడు.

పాత సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నిజం చెబుతున్నాను, ఆ నిమిషంలో నా మనసు మెత్తబడింది. పరీక్ష పెడతాను, ఎలాగూ తప్పుతాడు, నవ్వుకుంటాను, నేర్పించి ఉద్యోగంలో పెట్టుకుంటాను అనుకున్నాను. అంత పెద్దమనసు చూపించుకోవాలని నాకు ఆశగా కూడా ఉంది.

"ఈ ఫ్లోరులో ఎన్ని మిషన్లు వెలుగుతున్నాయో కుర్చీలోంచి లేవకుండా చెప్పండి సార్" అని లాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను. మా ఆసుపత్రిలో ఒక్క మిషనూ పింగ్‌కు పలకదు. అన్నిటి నోళ్ళూ నేనే మూయించాను.

ఆయన ఒక్క వేలితో పాత ఆజ్ఞే కొట్టాడు. చిటికెన గోటితో ఎంటర్ నొక్కాడు. తెర మీద ఎవరూ పలకలేదు. నేను వెనక్కి వాలాను. ఆయన తడబడలేదు. అదే వేలితో రెండో ఆజ్ఞ కొట్టాడు. మిషన్లన్నీ వరసగా బయటపడ్డాయి. గోటితో తెర మీద లెక్కపెట్టాడు.

"ఇరవై మూడు మేడమ్. దీంతో కలిపి ఇరవై నాలుగు."

"ఈ రెండో కమాండు... ఎప్పట్నుంచి తెలుసు సార్ మీకు?"

"ఏఆర్‌పీనా? మొదట్నుంచీ తెలుసు మేడమ్" అన్నాడు, కాస్త గర్వంగానే. "ఇది తెలీకుండా ఈ పని ఎట్ల సేస్తాం?"

అన్నాక ఆగిపోయాడు. చెయ్యి కీబోర్డు మీద నుంచి మెల్లిగా తీసేశాడు. మా నాయన చేతుల మసి నా కళ్ళ ముందు మెదిలింది.

"సరే సార్. కబురు పంపుతాం."

లేచి నిలబడ్డాడు. దండం పెట్టి పోయాడు. వాకిట్లో చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు వినిపిస్తుండగానే హాజరు కాగితం తీశాను. ఆయన పేరు ఎదురుగా "రాలేదు" అని రాశాను. ఎర్ర పెన్ను కోసం సొరుగు వెతికి మరీ రాశాను.

రెండు రోజుల తర్వాత పై ఆఫీసుకు ఫోన్ చేశాడట. మీరు ఇంటర్వ్యూకే రాలేదని రాసి ఉందే అన్నారట. ఎదురు ఒక్క మాట అడక్కుండా పెట్టేశాడట. ఆ సంగతి విని నేను ఆ రోజు క్యాంటీన్‌లో రెండు మైసూర్‌పాకులు కొనుక్కుని తిన్నాను. ఆయన భార్య గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. వచ్చినా తిన్నాను.

నిన్న సాయంత్రం ఐరాల నుంచి తిరిగొస్తూ రెడ్డెమ్మ బస్సులోంచి మళ్ళీ ఫోన్ చేసింది.

"ఎత్తేసినారే. పట్టుమని ఇరవై మంది లేరు. ఆయన పెండ్లాన్ని సూస్తే కడుపు తరుక్కుపొయింది. అవునే, నీ దగ్గరికి ఉద్యోగానికి వచ్చినాడంట గదా పోయినేడు?"

"ఎవురు చెప్పినారు?"

"ఆమే చెప్పింది. ఆ పొద్దు నువ్వు సెలవంట గదా. ఆయన ఇంటికి వచ్చి చెప్పినాడంట, 'మన భారతి ఆడ పెద్ద మేడమ్, కానీ ఈ పొద్దు రాలేదు. ఆయమ్మ ఉండుంటే నాకు తప్పకుండా ఇప్పించి ఉండును' అని. సచ్చిందాకా ఆ మాటే అంటాండె అంట. సూడు, ఆయన నిన్ను పేరు పెట్టి పిలిచినాడే, భారతి అని."

బస్సు చప్పుడులో దాని మాటలు తెగి తెగి వస్తున్నాయి.

"హలో... ఏమే? పదిహేడూ? ఉండావా? పలకవేమే?"

ఉన్నాను. ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, అది పెట్టేసేదాకా ఉన్నాను. పలకలేదు.